పొలమారని నీళ్ళు

మన క్యాంటీన్‌లో అమ్మే చాక్లెట్ మిల్క్ ప్యాకెట్ వెనక, చీమ తలకాయంత అక్షరాల్లో, "స్టెబిలైజర్ (407)" అని ఉంటుంది. సీఎస్ఈ వాళ్ళకి నాలుగు వందల్లో అంకె కనబడితే మనసు ఊరుకోదు కదా. 403 అంటే లోపలికి రానివ్వం. 404 అంటే వెతికింది దొరకలేదు. 407 అంటే ముందు ప్రాక్సీ దగ్గర లాగిన్ అయ్యి రా. హాస్టల్ వైఫై వాడేవాళ్ళకి ఈ చివరిదాని గురించి నేను కొత్తగా చెప్పక్కర్లేదు.

తిండిలో కలిపే పదార్థాలకి కూడా ఇలాంటి అంతర్జాతీయ నంబర్ల పట్టిక ఒకటి ఉంది. అందులో 400 నుంచి మొదలయ్యే వరస చూస్తే సరదాగా ఉంటుంది. 404 అంటే క్యాల్షియం ఆల్జినేట్, గోధుమరంగు సముద్రపు నాచు నుంచి వస్తుంది. అంటే ఆ పట్టికలో 404 దొరుకుతుంది, కాకపోతే సముద్రంలో. 406 అంటే అగర్. మన ఇళ్ళల్లో చైనా గ్రాస్ అంటామే, అదే. 407 అంటే క్యారగీనన్. ఈ రెండూ ఎర్ర నాచు నుంచి తీసేవి. ఐర్లాండ్ భాషలో చిన్న రాయి అనే అర్థం ఉన్న మాట నుంచి క్యారగీనన్‌కి ఆ పేరొచ్చింది. అక్కడి తీరంలో రాళ్ళని పట్టుకుని పెరిగే నాచుని పాలల్లో ఉడికించి పుడ్డింగ్ చేసుకునేవాళ్ళు.

ప్యాకెట్‌లో దాని పనేంటంటే, కోకో పొడి అడుక్కి దిగకుండా పట్టుకోవడం. లీటరు పాలకి దాదాపు పావు గ్రాము చాలు. పావు గ్రామంటే చిటికెడు కూడా కాదు. అంత కొంచెం లీటరు పాలని ఎలా పట్టుకుంటుంది?

గొలుసుల వల్ల. ఈ పదార్థాలన్నీ పాలీశాకరైడ్లు, అంటే చక్కెర అణువులు ఒకదానికొకటి గుచ్చుకున్న పొడవాటి దండలు. క్యారగీనన్ దండలో వేల కొద్దీ గ్యాలక్టోజ్ పూసలుంటాయి. వేడి నీళ్ళలో ఒక్కో దండ విడిపోయి, చిక్కుపడిన దారంలా అటూ ఇటూ ఊగుతూ ఉంటుంది. చల్లారేకొద్దీ రెండేసి దండలు జడలా మెలితిరుగుతాయి. జడలు కట్టలు కడతాయి, కట్టలు కలిసి వల అవుతాయి. ఆ వల కళ్ళలో నీళ్ళు చిక్కుకుంటాయి. మనం జెల్లీ అనేది ఆ వలనే. పాలల్లో అయితే ఇంకో సౌకర్యం ఉంది. పాలలోని కేసీన్ ప్రోటీన్ కూడా ఈ దండలకి అంటుకుని వల అల్లడంలో చెయ్యి వేస్తుంది. అందుకే అంత తక్కువతో పని జరుగుతుంది. ఆ వల ఎంత బలహీనమైనదంటే కోకో రేణువుని ఆపగలదు గానీ, మనం ప్యాకెట్ కుదిపితే తెగిపోతుంది, తాగుతుంటే పాలలాగే జారిపోతుంది. ఊరికే ఉంచితే పట్టుకుంటుంది, కదిపితే వదిలేస్తుంది.

ఎర్ర నాచు రకాన్ని బట్టి ఈ గొలుసు స్వభావం మారుతుంది. ప్రతి రెండు పూసలకి ఒక సల్ఫేట్ గుంపు ఉంటే కప్పా రకం, రెండుంటే అయోటా, మూడుంటే లామ్డా. సల్ఫేట్లన్నిటికీ రుణావేశం కాబట్టి ఒకదాన్నొకటి తోసుకుంటాయి. అవి పెరిగేకొద్దీ జడ వెయ్యడం కష్టం. కప్పా పొటాషియం తగిలితే గడ్డపెరుగులా గట్టిగా పేరుకుంటుంది, గరిటె పెడితే విరుగుతుంది, పెరుగులాగే నీరు వదులుతుంది. అయోటా క్యాల్షియంతో మెత్తగా పేరుకుంటుంది, కదిపి వదిలేస్తే మళ్ళీ తేరుకుంటుంది. లామ్డా అసలు పేరుకోదు, గంజిలా చిక్కబడి ఊరుకుంటుంది. పూసలు దాదాపు అవే. తేడా అంతా ఎన్ని చోట్ల తోసుకుంటున్నాయన్న దాంట్లో ఉంది.

ఇదంతా నేను చదివింది చాక్లెట్ మిల్క్ కోసం కాదు. మా అమ్మమ్మ కోసం.

పోయినేడాది అమ్మమ్మకి పక్షవాతం వచ్చింది. చెయ్యీ కాలూ నెమ్మదిగా దారిలో పడ్డాయి. మాట కొంచెం ముద్దగా వస్తుంది గానీ మాకు అర్థమవుతుంది. మెత్తగా కలిపిన అన్నం తినేది. నీళ్ళు మాత్రం తాగలేకపోయేది. గుక్క వెయ్యగానే పొలమారేది. పొలమారితే ఎవరో తలుచుకుంటున్నారని అంటాం కదా. మొదట్లో తనే నవ్వి, "ఈ వయసులో నన్నింతమంది తలుచుకుంటున్నార్రా" అనేది. తర్వాత తర్వాత నీళ్ళ గ్లాసు చూస్తేనే మొహం తిప్పేసుకునేది.

మింగడం గురించి శిక్షణ ఇచ్చే థెరపిస్ట్ ఒకావిడ చెప్పేదాకా నాకు తెలియని సంగతేంటంటే, ఇలాంటివాళ్ళకి ఇడ్లీ కంటే నీళ్ళు ప్రమాదం. మనం మింగినప్పుడు ఊపిరి గొట్టం దారి ఒక్క క్షణం మూసుకుంటుంది. అంతా సెకను లోపలే అయిపోతుంది. పక్షవాతం తర్వాత ఆ మూత ఆలస్యంగా పడుతుంది. నీళ్ళేమో ఆగవు. మూత పడేలోపే లోపలికి దిగిపోతాయి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి, అక్కడ న్యుమోనియా అవుతుంది. నాకైతే ఇది అచ్చం రేస్ కండిషన్ అనిపించింది. రెండు పనులు ఒకదానికొకటి చెప్పుకోకుండా పరిగెడుతున్నాయి, తప్పుడుది ముందు చేరుతోంది. కోడ్‌లో దీనికి మధ్యలో ఒక స్లీప్ పెట్టి నెట్టుకొస్తే ల్యాబ్‌లో మార్కులు కోస్తారు. గొంతు విషయంలో మాత్రం వైద్యమే అది. నీళ్ళని చిక్కగా చెయ్యాలి, అవి నెమ్మదిగా జారాలి, మూతకి టైమ్ దొరకాలి.

ఎంత చిక్కగా? దీనికి ఐడీడీఎస్ఐ అనే అంతర్జాతీయ కొలమానం ఉంది. తాగేవాటికి 0 నుంచి 4 దాకా అంచెలు. ఇంట్లోనే కొలవొచ్చు. పది మిల్లీలీటర్ల సిరంజీ కావాలి, దాని మీద 0 నుంచి 10 గీత దాకా 61.5 మిల్లీమీటర్లు ఉండాలి. లోపలి పిస్టన్ తీసేసి, మొనకి వేలు అడ్డం పెట్టి, పది గీత దాకా పోసి, వేలు తీసి పది సెకన్లు లెక్కపెట్టాలి. మళ్ళీ వేలు పెట్టి ఎంత మిగిలిందో చూడాలి. ఒక మిల్లీలీటరు కంటే తక్కువ మిగిలితే మామూలు నీళ్ళు, అంచె 0. ఒకటి నుంచి నాలుగు మిగిలితే 1. నాలుగు నుంచి ఎనిమిది అయితే 2. ఎనిమిది దాటి మిగిలితే 3. అసలు కారకపోతే 4. అమ్మమ్మకి చెప్పింది రెండో అంచె.

ఆ సెలవుల్లో పొద్దున్నా సాయంత్రం నా పని అదే. ఫోన్‌లో స్టాప్‌వాచ్, చేతిలో సిరంజీ, ల్యాప్‌టాప్‌లో పట్టిక. మూడో రోజు అమ్మమ్మ అడిగింది.

"ఏంట్రా అది, ఇంజెక్షనా?"

"కాదమ్మమ్మా, నీళ్ళు ఎంత చిక్కగా ఉన్నాయో చూస్తున్నా."

"దానికి సూదిగొట్టం ఎందుకు, గరిటె ఎత్తితే తెలీదూ?"

బాగున్న ఎడమ చేత్తో చెంచా ముంచి, పైకెత్తి, కొంచెం వంచింది. కారింది చూసి "ఇంకా జారుగానే ఉంది" అంది. నేను కొలిస్తే మూడున్నర మిగిలింది. అంటే ఇంకా ఒకటో అంచెలోనే. ఇంకాస్త పొడి కలిపి ఇచ్చాను. మళ్ళీ ఎత్తింది. "ఇప్పుడు తీగలా దిగుతోంది, ఇది పర్లేదు." ఆరు మిగిలింది. ఆ తర్వాత వారం రోజులు నా పట్టికలో ఇంకో కాలమ్ పెట్టాను, అమ్మమ్మ మాట అని. జారు, పల్చన, చిక్కన, తీగ, జిగట, ముద్ద. తన మాటకీ నా అంకెకీ తేడా దాదాపు రాలేదు.

యాభై ఏళ్ళు పాకాలు పట్టిన చెయ్యి అది. తీగపాకం చూడటమంటే రెండు వేళ్ళ మధ్య పాకం పెట్టి లాగడం, తీగ తెగకుండా ఎంత సాగుతుందో చూడటం. ద్రవాన్ని లాగినప్పుడు ఎలా సాగుతుందో కొలవడానికి ల్యాబుల్లో పరికరాలున్నాయి, అవి చేసేదీ అదే. అరిసెల పాకం చూడటానికి నీళ్ళ పళ్ళెంలో ఒక చుక్క వేసి వేలితో కూడితే మెత్తటి ఉండ కావాలి. ఉండ అయిందంటే అది ద్రవంగా ప్రవర్తించడం మానేసిందని అర్థం. రియాలజీ అని నేను తెరమీద చదువుతున్న శాస్త్రానికి మా వంటింట్లో పేరు లేదు గానీ మాటలన్నీ ఉన్నాయి. కారడం వేరు, జారడం వేరు, సాగడం వేరు. తోడుకోవడం వేరు, పేరుకోవడం వేరు, విరగడం వేరు. పన్నెండో తరగతి దాకా ఇంగ్లిష్ మీడియంలో చదివిన నాకు వీటన్నిటికీ కలిపి ఒకే మాట వచ్చు, విస్కాసిటీ.

ఇక తెగడం సంగతి. మాకు మొదట ఇచ్చిన డబ్బాలోది మొక్కజొన్న పిండి పొడి. గ్లాసులో కలిపినప్పుడు బాగానే ఉండేది. సగం తాగేసరికి పల్చబడిపోయేది. కారణం అమ్మమ్మ నోరే. చెంచా నోట్లోకి వెళ్ళి మళ్ళీ గ్లాసులోకి వస్తుంది, దాంతో లాలాజలమూ వస్తుంది. లాలాజలంలో అమైలేజ్ అనే ఎంజైమ్ ఉంది. పిండిలోని గ్లూకోజ్ గొలుసులని తెంచడమే దాని ఉద్యోగం. గొలుసులు తెగితే చిక్కదనం పోతుంది. రెండో అంచె నీళ్ళు మనకి తెలీకుండానే ఒకటో అంచెకి దిగిపోతాయి. థెరపిస్ట్ అది మాన్పించి, బంక పదార్థంతో చేసిన ఇంకో పొడి రాసిచ్చారు. దాన్ని లాలాజలం ఏమీ చెయ్యలేదు.

అప్పుడే నాకు చైనా గ్రాస్ గుర్తొచ్చింది. అగర్ కూడా లాలాజలానికి లొంగదు. పూసలు గ్లూకోజ్ కాదు, గ్యాలక్టోజ్. వాటిని కలిపే ముళ్ళు వేరే రకం. మన అమైలేజ్‌కి ఆ ఫార్మాట్ చదవడం రాదు. మరి దాంతోనే మెత్తటి జెల్లీ చేసి పెట్టొచ్చుగా అని అడిగాను. ఆవిడ వద్దన్నారు. అగర్ జెల్లీ పెళుసు, నోట్లో ముక్కలవుతుంది. నీరు వదులుతుంది, అంటే ముక్కలూ నీళ్ళూ విడివిడిగా గొంతులోకి దిగుతాయి, అమ్మమ్మకి అది అన్నిటికంటే కష్టం. పైగా అగర్ నోట్లో కరగదు. చల్లారుతూ 35 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది, మళ్ళీ కరగాలంటే 85 దాకా వేడి చెయ్యాలి. వచ్చిన దారిన తిరిగి వెళ్ళదు. మెలితిరిగిన జడలు అంత గట్టిగా కట్టలు కట్టుకుని ఉంటాయి, వాటిని విప్పడానికి అంత వేడి పడుతుంది.

అమ్మమ్మకి పనికిరాని ఆ మొండితనమే 1881లో సూక్ష్మజీవ శాస్త్రాన్ని నిలబెట్టింది. అప్పట్లో బ్యాక్టీరియాని జెలటిన్ మీద పెంచేవాళ్ళు. 37 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో పెడితే జెలటిన్ కరిగిపోయేది, కొన్ని బ్యాక్టీరియా దాన్నే తినేసేవి. రాబర్ట్ కాఖ్ దగ్గర పనిచేసే వాల్టర్ హెస్సేకి ఇదే తలనొప్పి. ఆయన భార్య ఫానీ హెస్సే, తన జెల్లీలు ఎండాకాలంలో కూడా కరగకపోవడానికి కారణమైన అగర్‌ని వాడి చూడమంది. జావాలో ఉండి వచ్చిన పొరుగింటివాళ్ళ దగ్గర నేర్చుకున్న సంగతి అది. ఇవాళ్టికీ ప్రతి మైక్రోబయాలజీ ల్యాబ్‌లో గాజు పళ్ళెంలో ఉండేది ఒక వంటింటి చిట్కా.

మన దేశంలో అగర్ వచ్చే నాచుల్లో ముఖ్యమైనది గెలిడియెల్లా. తమిళనాడు రామనాథపురం తీరంలో ఆడవాళ్ళు నీళ్ళలో మునిగి, చేత్తో రాళ్ళ మీంచి పీకి తెస్తారు. వేళ్ళు కోసుకుపోకుండా గుడ్డ పీలికలు చుట్టుకుంటారు. చైనా గ్రాస్ ప్యాకెట్ మీద ఆ సంగతి ఉండదు.

మరి ఎవరికీ తెగని ఈ గొలుసు సముద్రంలో ఏమవుతుంది? అలాగే పోగుపడిపోదు కదా. దాన్ని తెంచే బ్యాక్టీరియా సముద్రంలోనే ఉన్నాయి. అగర్‌కి అగరేజ్, క్యారగీనన్‌కి క్యారగీనేజ్, ఒక్కో తాళానికి ఒక్కో చెవి. 2010లో నేచర్ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. జపాన్ వాళ్ళ పేగుల్లో ఉండే ఒక బ్యాక్టీరియాలో, సుషీకి చుట్టే నోరీ అనే ఎర్ర నాచుని తెంచే ఎంజైమ్ జన్యువులు కనిపించాయి. అవి సముద్రపు బ్యాక్టీరియా నుంచి వచ్చి చేరినవి. పోల్చి చూసిన ఉత్తర అమెరికా వాళ్ళలో అవి లేవు. తరతరాలుగా నోరీ తింటుంటే, దాంతో వచ్చిన సముద్రపు బ్యాక్టీరియా కోడ్‌ని పేగులో బ్యాక్టీరియా కాపీ పేస్ట్ చేసుకుంది. మనం అసైన్‌మెంట్ ముందురోజు రాత్రి చేసేదే, కాకపోతే దానికి పని చేసింది.

ఎంజైమ్ లేకపోయినా తెంచే దారి ఇంకోటుంది. పులుపూ వేడీ కలిస్తే చాలు. మా అమ్మ చైనా గ్రాస్ జెల్లీ చేసేటప్పుడు నిమ్మరసం ఎప్పుడూ స్టవ్ మీంచి దింపాకే పోస్తుంది. పొయ్యి మీదుండగా పోస్తే సరిగ్గా పేరుకోదంటుంది. నిజమే, ఆమ్లం వేడిలో ముళ్ళని ఎక్కడబడితే అక్కడ కోసేస్తుంది. ఇక్కడ లెక్క కొంచెం విచిత్రంగా ఉంటుంది. ఒకదాంట్లో ఒకటి చిక్కుకున్న పొడవాటి గొలుసుల్లో, పొడవు సగమైతే చిక్కదనం సగం కాదు, దాదాపు పదోవంతుకి పడిపోతుంది. వేల పూసల దండలో నడిమధ్య ఒక్క ముడి తెగితే చాలు. బరువు తగ్గలేదు, రుచి మారలేదు, ఒక్క పూస కూడా పోలేదు. పట్టుకునే శక్తి మాత్రం పోయింది.

ఈ తేడా తెలియకపోతే భయపడటం తేలిక. మా ఫ్యామిలీ గ్రూప్‌లో ఒక ఫార్వర్డ్ వచ్చింది, 407 ఉన్న పాలు తాగితే క్యాన్సర్ అని. దాని మూలం పొలిగీనన్ అనే ఇంకో పదార్థం. క్యారగీనన్‌ని గట్టి ఆమ్లంలో బాగా వేడి చేసి కావాలని ముక్కలు చేస్తే వచ్చేది అది. తిండిలో వాడే క్యారగీనన్ గొలుసు బరువు లక్షల డాల్టన్లలో ఉంటే, దీనిది పది ఇరవై వేలు. ఈ ముక్కలు ల్యాబ్ జంతువుల పేగుల్లో పుళ్ళు పుట్టించాయి. క్యాన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్‌సీ ముక్కలైన రకాన్ని మనుషులకి క్యాన్సర్ కారకం కావచ్చనే జాబితాలో పెట్టింది, తెగని రకాన్ని ఆ జాబితాలో పెట్టలేదు. యూరప్ నిబంధనల ప్రకారం తిండిలో వాడే క్యారగీనన్‌లో 50,000 డాల్టన్ల కంటే చిన్న ముక్కలు 5 శాతం మించకూడదు. అలాగని తెగని రకం మీద చర్చ ఆగిపోలేదు, పేగువాపు జబ్బులున్నవాళ్ళ విషయంలో పరిశోధనలు నడుస్తూనే ఉన్నాయి. కానీ రెండిటినీ ఒకే పేరుతో పిలిచి భయపెడితే ఎవరికీ లాభం లేదు. అవే అక్షరాలు, పొడవు వేరు. పొడవు మారితే పదార్థమే మారిపోయింది.

అమ్మమ్మకి ఈ సంక్రాంతికి మళ్ళీ పరీక్ష చేసి ఒకటో అంచెకి మార్చారు. చిక్కటి నీళ్ళు తాగి తాగి విసిగిపోయిందని నాకు తెలుసు. "నీళ్ళంటే నీళ్ళలా ఉండాల్రా" అంటుంది. మంచినీళ్ళు తాగడానికి ఇంకా టైముంది. ఆ రోజు వస్తుందో రాదో థెరపిస్ట్ కూడా మాటివ్వలేదు. ఈలోగా మజ్జిగ మాత్రం తనే చూసుకుంటోంది. చెంచా ఎత్తి, వంచి, ఓకే అంటేనే గ్లాసులోకి. సిరంజీ వారానికోసారి, తన మాట సరిచూడటానికే.

నా పట్టికలో ఆ కాలమ్ ఇంకా పెరుగుతోంది. ఇప్పటికి ఇరవై మూడు మాటలు. మావి గోదావరి వైపు మాటలు. రాయలసీమలో సంగటి గెలికేటప్పుడు, తెలంగాణలో అంబలి కాచేటప్పుడు ఏమంటారో నాకు తెలీదు. ఎలా కారుతుందో, ఎలా సాగుతుందో, ఎప్పుడు దింపాలో చెప్పే మాటలు మీ ఇళ్ళల్లో ఏమున్నాయి? ఈసారి సెలవులకి వెళ్ళినప్పుడు అడిగి, ఏ ఊళ్ళో వాడతారో కూడా రాసి, క్లబ్‌కి పంపండి. అడిగేటప్పుడు గరిటె వాళ్ళ చేతికే ఇవ్వండి. చెయ్యి కదిలితే గానీ కొన్ని మాటలు నోటికి రావు.